నీళ్లు తగ్గినప్పుడల్లా ఉప్పునీళ్లే పోస్తున్నారా? ముందు అది ఆపండి

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది గాజువాక, ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా తమ్ముడు ఆరేళ్లుగా పెంచుకుంటున్న ఉప్పునీళ్ల చేపల ట్యాంకు నాకు అప్పజెప్పి మూడు వారాల కిందట మస్కట్ వెళ్లాడు. మూడడుగుల ట్యాంకు (36, 15, 18 అంగుళాలు), అందులో రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక నీలం డామ్సెల్, కొన్ని రాళ్లు, కింద ఇసక. ఫ్యాన్ పెట్టడం వల్ల నీళ్లు రోజూ తగ్గుతున్నాయి, వాడు వెళ్తూ కలిపి ఉంచిన డ్రమ్ములోంచి రోజుకో లీటరున్నర సీసా ఉప్పునీళ్లు పోస్తున్నా, డ్రమ్ము అయిపోతే మళ్లీ ఉప్పు కలుపుతున్నా, ఉప్పు డబ్బా చూస్తుండగానే సగానికొచ్చింది. మేత రెండు పూటలా చిటికెడు వేస్తున్నా. వారం నుంచి చేపలు ఆయాసపడుతున్నట్టు ఊపిరి తీస్తున్నాయి, గాజు నిండా గోధుమరంగు పొర. స్ట్రిప్పుతో చూస్తే అమ్మోనియా లేదు, నైట్రేట్ మాత్రం ఆఖరి ఎరుపు రంగు, పీహెచ్ 7.9. షాపతను పద్నాలుగు వేల స్కిమ్మర్ (నురగతో మురికి తీసే మెషీన్), మూడు రకాల మందు సీసాలు రాసిచ్చాడు. నేను నెలకి వెయ్యి రూపాయల కంటే పెట్టలేను. మాకు సముద్రం దగ్గరే కదా, ఆ నీళ్లు తెచ్చి పోసుకోవచ్చా? తుఫాన్లకి కరెంటు పోతే ఏం చెయ్యాలి? ఇవన్నీ నా వల్ల కాకపోతే చేపల్ని ఎవరికైనా ఇచ్చెయ్యనా?

సమాధానం:

చెల్లెమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి చదువుతుంటే ఆ లీటరున్నర సీసా దగ్గర ఆగిపోయాను. మీ చేపల ఆయాసానికి కారణం, మీ ఉప్పు డబ్బా ఖాళీ అవ్వడానికి కారణం రెండూ ఆ సీసాలోనే ఉన్నాయి. స్కిమ్మర్ సంగతి, సీసాల సంగతి తర్వాత చూద్దాం, ఈ రోజు నుంచి ఆ డ్రమ్ములోంచి ఒక్క చుక్క కూడా ట్యాంకులో పొయ్యొద్దు.

ఎందుకంటే ఆవిరయ్యేది ఉత్త నీళ్లే, ఉప్పు ఎక్కడికీ పోదు, ట్యాంకులోనే ఉండిపోతుంది. మన తీరంలో ఉప్పు మళ్లు చూసే ఉంటారు కదా, నౌపడ వైపు రైల్లో వెళ్తే కనిపిస్తాయి, మడిలోకి సముద్రం నీళ్లు పెట్టి ఎండకి వదిలేస్తారు, నీళ్లు ఆవిరవుతుంటే మళ్లీ పెడతారు, చివరికి ఉప్పు తేలుతుంది. తెలీకుండా మీరు ఇంట్లో అదే పని చేస్తున్నారు. లెక్క చూడండి, మీ ట్యాంకు కొలతల ప్రకారం నిండా పోస్తే 159 లీటర్లు పడుతుంది, పైన వదిలిన ఖాళీ, రాళ్లు, ఇసక తీసేస్తే అసలు నీళ్లు 130 లీటర్లు ఉంటాయనుకుందాం. సముద్రం నీళ్లలో లీటరుకి దాదాపు 35 గ్రాముల ఉప్పు. మీరు మూడు వారాల్లో పోసింది 30 లీటర్లకి పైనే, అంటే కిలో పైచిలుకు ఉప్పు అదనంగా లోపలికి వెళ్లింది, దాన్ని 130 లీటర్లకి పంచితే లీటరుకి ఇంకో 8 గ్రాములు. 35 ఉండాల్సింది 43 దగ్గర ఉంది. ఎర్ర సముద్రంలో 40 దాకా ఉంటుంది, అక్కడ పుట్టిన చేపలకి అది అలవాటు, మీ క్లౌన్‌లకి కాదు, పైగా ఉప్పు పెరిగేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ నిలిచేది తగ్గుతుంది. అందుకే ఆ ఆయాసం. ఇంకో మూడు వారాలు ఇలాగే సాగితే చేపలు దక్కేవి కావు, సమయానికే రాశారు.

మీ తమ్ముడు ఉన్నప్పుడు ఇలా అవ్వలేదంటే అతను రోజూ మంచినీళ్లే పోసి ఉంటాడు, ఆ డ్రమ్ములో ఉప్పునీళ్లు వారానికోసారి నీళ్లు మార్చడానికి ఉంచుకున్నవి. హడావిడిగా వెళ్లేటప్పుడు ఈ ముక్క చెప్పడం మర్చిపోయి ఉంటాడు. ఇందులో మీ తప్పేం లేదు, ఉప్పునీళ్ల ట్యాంకు కొత్తగా చేతికొచ్చిన ఎవరైనా ఉప్పునీళ్లే పోస్తారు, నేను కూడా మొదటి నెల అదే చేశాను.

నా లెక్కని మీరు నమ్మక్కర్లేదు, తూకం వేసి చూడండి. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ కాటా, గ్రాము దాకా చూపించేది ఉంటే చాలు. ఒక లీటరు సీసా తీసుకుని ఖాళీ సీసా బరువు రాసుకోండి, తర్వాత ఆర్వో నీళ్లు అంచు దాకా పొంగేలా నింపి బయట తడి తుడిచి తూచండి, తర్వాత అదే సీసాలో ట్యాంకు నీళ్లు అలాగే అంచు దాకా నింపి తూచండి. రెండు రకాల నీళ్లూ ఒకే వేడి మీద ఉండాలి కాబట్టి ఆర్వో నీళ్ల సీసాని ముందు రాత్రి ట్యాంకు పక్కనే పెట్టి ఉంచండి. సీసా బరువు తీసేశాక మంచినీళ్లు 1000 గ్రాములు తూగితే సరైన సముద్రపు నీళ్లు 1026 తూగుతాయి, మీవి 1032 దగ్గర తూగుతాయని నా అంచనా. గ్రాము అటూ ఇటూ తేడా వస్తుంది గానీ మీ ట్యాంకు ఎంత దారి తప్పిందో తెలియడానికి అది చాలు. నీళ్లలో ఉప్పెంతో చూపించే ప్లాస్టిక్ ముల్లు హైడ్రోమీటరు తమ్ముడు వదిలి వెళ్లి ఉంటే దాన్ని నమ్మొద్దు, ముల్లు మీద ఉప్పు పేరుకుంటే తక్కువ చూపిస్తుంది, గాలి బుడగ పట్టుకుంటే ఎక్కువ చూపిస్తుంది.

ఇప్పుడు దించడం ఎలా అంటే, నిదానంగా. రోజూ ట్యాంకులోంచి రెండు లీటర్లు తీసి పారబోసి, దాని బదులు రెండు లీటర్ల ఆర్వో నీళ్లు పొయ్యండి, ఆ రోజు ఆవిరైన దానికి కూడా ఆర్వో నీళ్లే. ఇలా చేస్తే రోజుకి 0.6 చొప్పున దిగుతుంది, 13 రోజుల్లో 35కి వస్తారు. చేపలు ఇంతకంటే తొందరగా దించినా తట్టుకుంటాయి గానీ రాళ్లలో, ఇసకలో ఉన్న బాక్టీరియా, పురుగు పుట్రా తట్టుకోవాలి, అమ్మోనియాని తినేసి చేపల్ని బతికిస్తున్నది ఆ బాక్టీరియానే. ఈ 13 రోజులూ ఉప్పు ఖర్చు సున్నా, పైగా తీసి పారబోసే నీళ్లతో నైట్రేట్ కూడా అయిదో వంతు పోతుంది. ఈ లోపు పంపు మూతిని కొంచెం పైకి తిప్పి నీళ్లు పైన బాగా కదిలేలా పెట్టండి, ఆయాసం రెండు మూడు రోజుల్లోనే కొంత తగ్గాలి.

నీటి మట్టం సరిగ్గా ఎక్కడుండాలో అక్కడ గాజు మీద బయట ఒక టేపు ముక్క అంటించండి. రోజూ పొద్దున్న ఆ గీత దాకా మంచినీళ్లు. ఇంతకంటే చవకైన పరికరం ఈ హాబీలో ఇంకోటి లేదు, నా ట్యాంకుకి ఇప్పటికీ అదే.

మంచినీళ్లంటే కుళాయి నీళ్లూ కాదు, బోరు నీళ్లూ కాదు, ఆర్వో నీళ్లే. మీ ఇంట్లో ఆర్వో మెషీన్ ఉందో లేదో రాయలేదు. ఉన్నా ఒక చిక్కుంది, తాగడానికి రుచి కోసం చాలా మెషీన్లు వడకట్టిన నీళ్లలో మళ్లీ కొంచెం మామూలు నీళ్లు కలుపుతాయి, లేదా మినరల్ కార్ట్రిడ్జ్ గుండా పంపుతాయి, అందుకే టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 80, 100 చూపిస్తుంది. పెన్ను లాంటి టీడీఎస్ మీటరు రెండు మూడొందలకి దొరుకుతుంది, అది కొనండి, ఈ ఖర్చు దండగ కాదు. 50 లోపు ఉంటే ఒక్క చేపలే ఉన్న ట్యాంకుకి హాయిగా వాడుకోవచ్చు. ఇంట్లో మెషీన్ లేకపోతే వీధిలో అమ్మే 20 లీటర్ల వాటర్ క్యాన్ తెచ్చుకుని మీటరు పెట్టి చూడండి, ఒక ప్లాంటు నీళ్లు 30 ఉంటే ఇంకో ప్లాంటువి 120 ఉంటాయి, తక్కువ ఉన్న చోటే ఖాతా పెట్టుకోండి. మీకు రోజువారీకి, వారం మార్పుకి కలిపి నెలకి 125 లీటర్లు కావాలి, అంటే ఆరేడు క్యాన్లు. ఏసీ లోంచి కారే నీళ్లు బాగుంటాయని కొందరు చెప్తారు, వద్దమ్మా, లోపల రాగి గొట్టాలుంటాయి, రాగి చేపల కంటే ముందు రాళ్లలో ఉన్న చిన్న జీవాల్ని చంపేస్తుంది.

నైట్రేట్ సంగతికొస్తే, స్ట్రిప్పు ఆఖరి రంగు చూపిస్తే అది 80 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) కావచ్చు, 200 కావచ్చు, దానికి పైన రంగు లేదు కాబట్టి మనకి తెలీదు. ఒక పాలు ట్యాంకు నీళ్లు, మూడు పాళ్లు ఆర్వో నీళ్లు కలిపి ఆ కలిపిన నీళ్లకి టెస్ట్ చేసి వచ్చిన అంకెని నాలుగుతో గుణించండి, అసలు సంఖ్య బయటపడుతుంది. వీలైతే స్ట్రిప్పులు అయిపోయాక నైట్రేట్ ఒక్కదానికి చుక్కల మందు కిట్టు కొనండి, దాంట్లో రెండో సీసా వేసే ముందు అరనిమిషం గట్టిగా, నిజంగా చెయ్యి నొప్పెట్టేలా ఊపాలి, లోపల మందు అడుక్కి గట్టిపడి ఉంటుంది, ఊపకపోతే తక్కువ చూపించి మనల్ని మోసం చేస్తుంది. అమ్మోనియా, నైట్రైట్, ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా పట్టి ఉంచే గుణం) ఇలాంటివాటికి ఇంట్లో కిట్లు కొనక్కర్లేదు. మనం ఉన్నది ఆంధ్రా తీరంలో చెల్లెమ్మా, రొయ్యల రైతులున్న ప్రతి చోటా ఆక్వా ల్యాబులున్నాయి, భీమవరం వైపైతే వీధికొకటి ఉంటుంది, సీసాలో నీళ్లు పట్టుకెళ్తే సెలినిటీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో), పీహెచ్, ఆల్కలినిటీ, అమ్మోనియా, కాల్షియం, మెగ్నీషియం అన్నీ చూసి కాగితం ఇస్తారు, ఒక్క కిట్టు ధరతో పోలిస్తే ఆ ఖర్చు చాలా తక్కువ. భీమిలి నుంచి పైకి తీరం పొడవునా రొయ్య హేచరీలున్నాయి, అటు వెళ్లే వాళ్లెవరైనా తెలిస్తే సీసా పంపించండి. నేను మూడు నెలలకోసారి అలాగే చూపిస్తాను. సెలినిటీ చూసే రిఫ్రాక్టోమీటరు కూడా ఆ ఆక్వా సామాన్ల షాపుల్లోనే కొనండి, నేను కొన్నప్పుడు పన్నెండొందలు పడింది, నాలుగో నెలలోనో అయిదో నెలలోనో కొందురుగాని, అంతవరకు సీసా తూకమే.

ఆ నైట్రేట్ ఎక్కడ్నుంచి వచ్చిందంటే మీ చేతి చిటికెడు నుంచే. చేపల మేతలో సగానికి దగ్గర ప్రొటీనే ఉంటుంది, చేప తిన్నా తినకపోయినా అందులో నత్రజని చాలావరకు చివరికి నైట్రేట్‌గా నీళ్లలోనే తేలుతుంది. మీ ట్యాంకు సైజుకి ఒక గ్రాము మేత వేస్తే అటూ ఇటూ 2 పీపీఎం నైట్రేట్ పెరిగినట్టు లెక్కేసుకోండి. చిటికెడు అనేది మనిషి మనిషికీ మారుతుంది, కూరలో ఉప్పు లాగే. మీ మూడు చేపలకి రోజు మొత్తం మీద అర గ్రాము చాలు. అందుకని నెల మొదట్లో అదే కాటా మీద 15 గ్రాముల మేత తూచి ఒక చిన్న డబ్బాలో పొయ్యండి, పెద్ద డబ్బా పైన అల్మారాలో పెట్టెయ్యండి, ఈ చిన్న డబ్బా నెలాఖరు దాకా రావాలి. ఇరవయ్యో తారీఖుకే అయిపోయిందంటే ఎక్కువ వేస్తున్నట్టే. మీరు స్కూలుకెళ్లాక ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ముచ్చటపడి ఇంకో చిటికెడు వెయ్యడం కూడా ఉంటుంది, దానికీ ఇదే మందు. ఈ రెండు వారాలు మాత్రం రోజుకి ఒక్క పూటే వెయ్యండి, ఆరేళ్లు బాగా తిని బతికిన చేపలు దాంతో చిక్కిపోవు.

ఫిల్టరు స్పాంజి ఈ మూడు వారాల్లో కడిగారా? రాయలేదు కాబట్టి కడగలేదనే అనుకుంటున్నా. అందులో ఇరుక్కున్న మేత ముక్కలు, చేపల రెట్ట అక్కడే కుళ్లుతూ ఉంటాయి, బయటికి నీళ్లు అద్దంలా కనిపిస్తాయి గానీ కుళ్లింది కుళ్లినట్టే నీళ్లలో కలుస్తుంది. రోజూ తీసే ఆ రెండు లీటర్ల నీళ్లలోనే స్పాంజిని పిండి మళ్లీ పెట్టండి, కుళాయి కింద కడగొద్దు, క్లోరిన్‌కి బాక్టీరియా చచ్చిపోతుంది. వారానికోసారి ఈ పని.

13 రోజులయ్యాక అసలు పద్ధతి మొదలుపెట్టండి, వారానికి 20 లీటర్లు తీసి, 20 లీటర్లు కొత్త ఉప్పునీళ్లు. దీనికి కూడా లెక్కుంది, వారానికి మీ ట్యాంకులో 6 పీపీఎం నైట్రేట్ పెరుగుతోందనుకోండి, మీరు వారానికి ఆరో వంతు కంటే కాస్త తక్కువ నీళ్లు మారుస్తున్నారు, అప్పుడు కొన్ని నెలలకి అది 40 దగ్గర వచ్చి నిలబడిపోతుంది, ఎందుకంటే 40 దగ్గర ఉన్నప్పుడు తీసే నీళ్లతో పోయేది, వారంలో పెరిగేది సమానం అవుతాయి. అదే మేత రెట్టింపు వేస్తే 80 దగ్గర నిలబడుతుంది, ఎన్నేళ్లు నీళ్లు మార్చినా కిందికి రాదు. చాలామంది ఈ ముక్క తెలీక, నీళ్లు మారుస్తున్నా నైట్రేట్ తగ్గట్లేదని ఒకదాని తర్వాత ఒక సీసా కొంటూ పోతారు, తగ్గించాల్సింది మేత. ఒక్క చేపలే ఉన్న ట్యాంకులో 40 అంటే భయపడేది కాదు, పగడాలు పెంచేవాళ్లకి కదా 10, 5 అని పట్టింపు.

వారానికి 20 లీటర్లంటే ఉప్పు 720 గ్రాములు, నెలకి మూడు కిలోలు. పెద్ద బకెట్ కొంటే కిలో మూడొందలు అటూ ఇటూ పడుతుంది కాబట్టి తొమ్మిది వందలు, మీ వెయ్యిలో దాదాపు అంతా దీనికే. మీరు మూడు వారాల్లో అనవసరంగా లోపల పోసిన ఉప్పు కిలో పైనే అని చెప్పా కదా, అది ఆగిపోవడమే మొదటి ఆదా. చిన్న ప్యాకెట్లు కొనకండి, కిలో లెక్క చూస్తే చాలా ఎక్కువ పడుతుంది, హాబీ వాళ్లెవరైనా పరిచయం ఉంటే ఇద్దరు కలిసి ఒక బకెట్ తెప్పించుకుని పంచుకోండి, గాలి తగలకుండా మూత బిగించి పెట్టాలి, మన వైజాగ్ చెమ్మకి గడ్డ కట్టేస్తుంది.

వంటకి వాడే కళ్లుప్పు వేస్తే పోదా అని మీకు అనిపించే ఉంటుంది, అది కూడా సముద్రంలోంచే వచ్చింది కదా అని. కుదరదు. ఉప్పు మడిలో నీళ్లు చిక్కబడేటప్పుడు ముందు జిప్సం రూపంలో కాల్షియం అడుక్కి దిగిపోతుంది, తర్వాత ఉప్పు గడ్డకడుతుంది, మెగ్నీషియం, పొటాషియం మిగిలిపోయిన చేదు నీళ్లలో ఉండిపోతాయి, ఆ నీళ్లు తోడి పారబోశాక మిగిలిందే మన కళ్లుప్పు. అంటే చేపకి కావలసినవి దాదాపు అన్నీ తీసేశాక మిగిలిన ఒక్క ఉప్పు. అయోడైజ్డ్ ప్యాకెట్ ఉప్పు కూడా అంతే.

ఇక సముద్రం నీళ్లు. తెచ్చుకోవచ్చు, నేను తెస్తాను, మీ ఖర్చు సగం దాకా తగ్గేది ఇక్కడే. కాకపోతే ఎప్పుడు, ఎక్కడ అనేది చాలా ముఖ్యం. ఇప్పుడు వద్దు. అక్టోబరు, నవంబరుల్లో మన తీరం వెంట నీళ్ల పోత ఉత్తరం నుంచి దక్షిణానికి ఉంటుంది, వానాకాలంలో గంగ, మహానది లాంటి నదులు బంగాళాఖాతంలో కుమ్మరించిన మంచినీళ్లు ఆ పోతతో మన ముందు నుంచే కిందికి దిగుతాయి, పైగా ఇక్కడి గెడ్డలు, కాలవలు వానలకి ఊళ్లో మురికంతా తెస్తాయి. ఈ రోజుల్లో నేను కొలిచినప్పుడు 30 కంటే తక్కువ కూడా చూశాను. ఫిబ్రవరి నుంచి మే దాకా నీళ్లు చిక్కగా, తేటగా ఉంటాయి, అప్పుడు తెచ్చుకోండి, అంతకు ముందు వారం పది రోజులు వాన పడి ఉండకూడదు. చోటు సంగతి, గాజువాక నుంచి యారాడ, అప్పికొండ దగ్గరే గానీ పోర్టులు, ఫ్యాక్టరీలు ఉన్న వైపు నీళ్లు నేనైతే ట్యాంకులో పొయ్యను, ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల కూడా వద్దు, ఆర్కే బీచ్‌లో కాలవలు కలిసే చోట అసలే వద్దు. నేను తొట్లకొండ దాటి మంగమారిపేట వైపు వెళ్తాను, భీమిలి దాకా వెళ్తే గోస్తని కలిసే మొగకి దూరంగా ఉండాలి. మీరు మాత్రం క్యాన్ పట్టుకుని కెరటాల్లోకి దిగొద్దు చెల్లెమ్మా, మన దగ్గర ఒడ్డు ఎంత మోసం చేస్తుందో తెలిసిందే. పొద్దున్నే వేటకెళ్లే వాళ్లకి రెండు మూడు ఖాళీ క్యాన్లిచ్చి కెరటాలు దాటాక లోపల నింపి తెమ్మని అడగండి, కొంచెం డబ్బులిస్తే సంతోషంగా తెస్తారు, ఒడ్డు నీళ్ల కంటే అవి ఎంతో నయం. క్యాన్లు తాగేనీళ్లవై ఉండాలి, డీజిల్, ఫినాయిల్ పోసినవి ఎన్నిసార్లు కడిగినా పనికిరావు.

తెచ్చిన నీళ్లు అదే రోజు పొయ్యకూడదు. పాత బెడ్‌షీట్ నాలుగు మడతలు వేసి వడకట్టి, మూత ఉన్న డ్రమ్ములో వెలుతురు తగలకుండా పది పదిహేను రోజులు ఉంచండి, ప్లాంక్టన్ అనే కంటికి కనపడని జీవాలు చచ్చి అడుక్కి దిగుతాయి, తర్వాత పైన తేటని మాత్రం గొట్టంతో లాగి, ఒక రోజంతా గాలి పంపు పెట్టి, సీసా తూకం చూసి, తక్కువుంటే కొంచెం ఉప్పు కలిపి అప్పుడు వాడండి. 20 లీటర్లు 32 దగ్గర ఉంటే 60 గ్రాముల ఉప్పు కలిపితే 35 అవుతుంది, 720 గ్రాముల చోట 60. ఆ నెలల్లో మిగిలిన డబ్బుతోనే రిఫ్రాక్టోమీటరు, బాటరీ పంపు వచ్చేస్తాయి. నీళ్లకని వెళ్లి రాళ్లు, పగడపు ముక్కలు ఏరుకు రాకండి, 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద 2001 నుంచి పగడాలకి, సముద్రపు విసనకర్రలకి (విసనకర్రలా పెరిగే పగడాల జాతి), సముద్రపు గుర్రాలకి రక్షణ ఉంది, చట్టం సంగతి అలా ఉంచినా అవి అక్కడే ఉండాలి.

స్కిమ్మర్ మంచిదే, నేను దానికి వ్యతిరేకం కాదు, నురగతో పాటు మురికి కుళ్లకముందే బయటికి తీసేస్తుంది, నీళ్లకి గాలి బాగా కలుస్తుంది. కానీ మూడు చేపలకి పద్నాలుగు వేలు అక్కర్లేదు, ఆ డబ్బుతో ఏడాదికి పైగా ఉప్పు వస్తుంది. దాని బదులు ఒక పని చెయ్యండి, గాజుకి పట్టిన ఆ పొరని ముందు వైపు మాత్రమే తుడవండి, వెనక గాజు, పక్క గాజు వదిలెయ్యండి. ఉప్పు సర్దుకుని నెలా రెండు నెలలయ్యాక ఆ గోధుమరంగు పోయి పచ్చ నాచు పడుతుంది, ఆ నాచు పెరిగేది మీ నైట్రేట్ తినే. రెండు వారాలకోసారి పాత ఏటీఎం కార్డుతో గీకి బయట పారేస్తే నైట్రేట్‌ని చేత్తో తీసి పారేసినట్టే. ఇంకొంచెం ఓపికుంటే ఎంబ్రాయిడరీ కుట్టే ప్లాస్టిక్ జాలీని గరుకు కాగితంతో బాగా రుద్ది, ఫిల్టరు నీళ్లు పడే చోట నిలువుగా వేలాడదీసి, దాని మీదకి చిన్న ఎల్‌ఈడీ బల్బు రోజుకి పన్నెండు గంటలు వెయ్యండి, నెలలో దాని మీద నాచు దుబ్బులా పడుతుంది. ఆర్కే బీచ్ రాళ్ల మీద పచ్చటి నాచు తెచ్చి ట్యాంకులో వేస్తే పోదా అని చాలామంది అడుగుతారు, అది కెరటం కొడుతుంటేనే బతుకుతుంది, ట్యాంకులో వారంలో కుళ్లి ఉన్న నైట్రేట్‌కి ఇంకొంత కలుపుతుంది.

పీహెచ్ 7.9కి మందు వద్దు. తలుపులన్నీ మూసిన గదిలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌కే అంత దిగుతుంది, ట్యాంకు ఉన్న గది కిటికీ పగలు తెరిచి పెట్టి రెండు రోజులాగి చూడండి. ల్యాబు కాగితంలో ఆల్కలినిటీ 120 నుంచి 200 పీపీఎం మధ్య ఉంటే దాన్ని ముట్టుకోకండి. తక్కువుంటే వంట సోడా చాలు, బేకింగ్ పౌడర్ కాదు, ఉత్త వంట సోడా, 4 గ్రాములు గ్లాసు ఆర్వో నీళ్లలో కరిగించి మెల్లగా పోస్తే మీ ట్యాంకులో 18 దాకా పెరుగుతుంది, రోజుకి అంతకు మించి వద్దు. షాపతను రాసిచ్చిన సీసాల్లో ఒకటి ఇదే పని పదింతల ధరకి చేస్తుంది.

కరెంటు విషయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నాకు నాలుగడుగుల ట్యాంకు ఉండేది. రోజుల తరబడి కరెంటు లేదు, ఇన్వర్టరు మొదటి రాత్రికే అయిపోయింది, మా ఇంట్లో వంతులేసుకుని చెంబుతో నీళ్లు తీసి జానెడు ఎత్తు నుంచి మళ్లీ పోస్తూ కూర్చున్నాం, అర్ధరాత్రి నిద్రాపుకోలేక రెండు గంటలు వదిలేసిన రోజు పెద్ద చేపలు రెండూ పోయాయి. చిన్నవి బతికాయి. అప్పట్నుంచి సెల్లులతో నడిచే గాలి పంపు, దానికి రెండు జతల సెల్లులు ట్యాంకు కిందే ఉంటాయి, ఆ పంపు ఖరీదు కొన్ని వందలే. ఇది మాత్రం వచ్చే నెలకి వాయిదా వెయ్యొద్దు, తుఫాన్ల రోజులు ఇవే. కరెంటు పోయిన రోజు మేత పూర్తిగా మానెయ్యండి, రెండు మూడు రోజులు తినకపోతే క్లౌన్‌కి ఏమీ కాదు, తిన్నది కుళ్లితేనే ప్రమాదం.

ఎండాకాలం ఫ్యాన్ గురించి ఇప్పుడే ఒక మాట, హైదరాబాద్ పొడి గాలిలో ఫ్యాన్ పెడితే నీళ్లు బాగా చల్లబడతాయి, మన చెమ్మ గాలిలో అంత దిగదు, అందుకని ట్యాంకు లైటు పగలు ఆపి సాయంత్రం నుంచి రాత్రి వరకు వేసుకోండి, కొంత వేడి అక్కడ తగ్గుతుంది.

ఇచ్చెయ్యాలా అని అడిగారు. ఆరేళ్లుగా ఒకే ట్యాంకులో ఉన్న క్లౌన్ జంట అది, అందులో పెద్దది ఆడది, చిన్నది మగది అయ్యుంటుంది, బాగా చూసుకుంటే ఇంకో పదేళ్లు బతకగల వయసు వాటిది. మూడు వారాలు అంత ఉప్పుని తట్టుకుని నిలబడ్డాయంటే మీ తమ్ముడు ఎంత బాగా పెంచాడో తెలుస్తోంది. నాకైతే ఇవ్వొద్దనే ఉంది, కొన్నవాళ్లు ఇంకో కొత్త నీళ్లలో వేస్తే ఇప్పుడున్న నీరసానికి తట్టుకుంటాయని నాకు నమ్మకం లేదు. ముందు ఈ 13 రోజులు గడవనివ్వండి. రేపు పొద్దున్న టేపు అంటించి, సీసా తూచి, మంచినీళ్లది ఒకటి, ట్యాంకుది ఒకటి ఆ రెండు బరువులు నాకు రాసి పంపండి, నా లెక్క తప్పైతే రోజుకి రెండు లీటర్లు కాకుండా ఎంత తియ్యాలో చూసి చెప్తాను.